కొఠారు గోడ

నా బావమరిది సూరయ్య కాలు తీసింది మా ఊరి చరిత్ర. రాయికీ పడవకీ మధ్య నలిగిందని ఆసుపత్రి కాగితంలో రాశారు. కెరటాల పోటు వల్ల అని పేపర్లో వేశారు. రెండూ కాదు. చరిత్రే తీసింది. దీని మీద నాతో వాదించడానికి ఎవరూ మా గుమ్మం ఎక్కనక్కర్లేదు.

మాది శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే పేట. కొఠారుపేట అంటారు. ఇంగ్లీషు దొరల కాలంలో ఇక్కడ ఉప్పు నిలవచేసే కొఠారు ఉండేది. ఇప్పుడు ఉప్పూ లేదు, కొఠారూ లేదు. సముద్రానికి ఎదురుగా ఉన్న గోడ ఒక్కటే మిగిలింది. మూడు నిలువుల ఎత్తు, పది బారల పొడవు.

ఒడ్డున ఉన్నవాడికి అది పాత గోడ. నీటి మీద ఉన్నవాడికి అది దారి. మా ఒడ్డుకి ఎదురుగా నీళ్ళ కింద రాళ్ళున్నాయి. రాళ్ళ మధ్య ఒక సందు ఉంది. అందులో రెండు పడవలు పక్కపక్కన పట్టవు. వేట నుంచి వచ్చేవాడు ఈ తెల్లగోడనీ, వెనక దూరంగా ఉన్న కొండ నడుములో పల్లాన్నీ చూస్తాడు. గోడ సరిగ్గా ఆ పల్లం కిందికి వస్తే సందు ఎదురుగా ఉన్నట్టు. అప్పుడు పడవ ముక్కు తిప్పాలి. ముందు తిప్పినా రాళ్ళే, తర్వాత తిప్పినా రాళ్ళే. ఫోన్లొచ్చాయి కదా అంటారు. ఆ ఆఖరి రెండు వందల గజాల్లో ఒక చెయ్యి ఇంజను మీద ఉంటుంది, ఒక చెయ్యి పడవ అంచు మీద ఉంటుంది. ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

తిత్లీ తుఫానుకి ముందు మాకు గుర్తు మూడు తాటిచెట్లు. తుఫానులో మూడూ పడిపోయాయి. ఆ తర్వాత ఒకరోజు నేనే సందు తప్పి, పడవ అడుగు గీరుకుపోయి, ఎలాగో ఒడ్డున పడ్డాను. నా భార్య దేముడమ్మ మర్నాడు గుల్ల సున్నం కలిపి, నిచ్చెన వేసుకుని, ఆ గోడకి పూసింది. ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎవరినీ అడగలేదు. అప్పటినుంచి ఏటా వేట మొదలయ్యే ముందు మూడు రోజులు ఆవిడకి అదే పని. ఆవిడ పోయాక ఆ మూడు రోజులూ నావి.

పోయిన ఏడాది వేట బందు మొదలైన వారానికి నరసింగరావు మాస్టారు నోటు పుస్తకం పట్టుకుని పేటలోకి వచ్చాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట ఆపిస్తుంది. ఆ రెండు నెలలూ మా మగాళ్ళు ఒడ్డునే ఉంటారు. వలలు బాగుచేసుకుంటారు, పడవలకి రంగులేసుకుంటారు, ఒకరినొకరు విసిగిస్తారు. ఇంకెప్పుడు వచ్చినా మాస్టారితో కబుర్లు చెప్పే తీరిక ఎవరికీ ఉండేది కాదు. అప్పుడే వచ్చాడు.

మాస్టారు ఎగువ ఊళ్ళ రైతుబిడ్డ. ముప్పై ఏళ్ళు మా పేట బడిలో చెప్పి రిటైరయ్యాడు. నా కూతురు హేమకి అక్షరాలు దిద్దించింది ఆయనే. మంచివాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. నీళ్ళంటే భయం.

పంచాయతీలో తీర్మానం అయిందట. ఊరి చరిత్ర, ఊళ్ళో చూడదగ్గ చోట్లు, బొమ్మలతో సహా కొఠారు గోడ మీద రాయించాలని. జూన్ ఆఖరున ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చి తెర తీస్తాడని. అందుకు కావలసిన సంగతులు పోగుచెయ్యడం మాస్టారి వంతు.

వలల పాకలో కూర్చుని ఉన్నాం. మాస్టారికి కుర్చీ వేశారు.

"మీ పేటలో చూడదగ్గవి ఏటేటున్నాయో ఒక్కొక్కటీ చెప్పండయ్యా," అన్నాడు.

"నన్ను సూడండి మాస్టారూ," అన్నాడు సూరయ్య, వల కుట్టడం ఆపకుండా. "నలభై తొమ్మిదేళ్ళ నాటి కట్టడం. ఇప్పటిదాకా ఒక్క మరమ్మతు నేదు."

"అబద్ధం," అంది వాడి పెళ్ళాం గురమ్మ. "పళ్ళు రెండు రాలిపోనాయి. అదీ రాసుకోండి."

మాస్టారు నవ్వి దొర గోరీ గురించి అడిగాడు. పేట చివర సరుగుడు తోటలో ఒక గోరీ ఉంది. కొఠారు మీద పెత్తనం చేసిన దొరదని అంటారు. రాతి మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి.

"దొర పేరేటో ఎవరికైనా గుర్తుందా?"

"పేరు ఎవులికి తెల్సు," అంది గురమ్మ. "గోరీ మీద నెత్తళ్ళ సేపలు మాత్రం బాగా ఆరతాయి. నున్నటి రాయి. వోన నీరు నిలవదు."

మాస్టారు అదీ రాసుకున్నాడు. సూరయ్య పడవలో జట్టు మనిషి ధర్మేంద్ర ముందుకి జరిగి, "మా ముత్తాత ఆ దొరకి ఈత నేర్పినాడట మాస్టారూ," అన్నాడు.

"అందికే సచ్చిపోనాడు," అన్నాడు సూరయ్య.

నేను తప్ప అందరూ నవ్వారు.

పది రోజుల్లో మాస్టారి పుస్తకం నిండింది. గంగమ్మ గుడి, దొర గోరీ, తుఫాను షెల్టరు, ఉప్పు మడులు. ఒడ్డున నిలబడి చూస్తే కనిపించేవన్నీ అందులో చేరాయి. నీటి మీద నుంచి చూస్తే మా ఊళ్ళో కనిపించేది ఒక్కటే. దాన్ని పలక చేసుకుని మిగతావన్నీ దాని మీద రాద్దామనుకున్నారు.

అడగడానికి మా ఇంటికి వచ్చారు. గోడ నాది కాదు. అయినా సున్నం పూసేవాడిని కాబట్టి అడగాలని సర్పంచి ధనలక్ష్మి చెప్పిందట. మాస్టారితో పాటు సూరయ్య కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"గోడ తెల్లగా ఉండాల," అన్నాను.

"తెల్లగానే ఉంటాది గంగులూ. బొమ్మలు గోడంతా పడతాయేటి? మధ్యలో తెలుపు ఎక్కడికి పోతాది?"

"నాకు తెలీదు. ఆ గోడ జోలికి పోవద్దు."

మాస్టారు బతిమాలలేదు. పుస్తకం తెరిచి ఒక పేజీ తీసి చదివాడు.

"'ఈ గోడకు ఏటేటా సున్నం పూసి, వేటకు వెళ్ళినవారికి దారి చూపిన తల్లి మైలపిల్లి దేముడమ్మ.' ఇది గోడ మీద కింద కుడిపక్కన వస్తాది. రాసేది హేమ."

హేమ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. డిగ్రీ చదివింది, పడవల మీద పేర్లు రాస్తుంది. వేట బందు రోజుల్లో చుట్టుపక్కల పేటలవాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోతారు. అక్షరం నిండుగా ఉంటుంది, దూరానికి తెలుస్తుంది.

"నీకు ముందే తెల్సా?" అన్నాను.

"తెల్సు అయ్యా. సెప్తే ఏటంటావో అదీ తెల్సు."

మా పేటలో చనిపోయిన ఆడమనిషి పేరు ఎక్కడా మిగలదు. పడవలకి అమ్మవారి పేర్లు పెడతారు, కొడుకుల పేర్లు పెడతారు. దేముడమ్మ పేరు ఓటర్ల లిస్టులోంచి వాళ్ళు కొట్టేశారు. రేషను కార్డులోంచి నేనే వెళ్ళి తీయించాను. ఆ రోజు ఆఫీసులో గుమాస్తా కుర్రాడు పేరు మీద గీత గీసి, "అయిపోయింది, వెళ్ళండి," అన్నాడు.

"ఒప్పుకో బావా," అన్నాడు సూరయ్య. వాడికి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. పెంచింది అక్క దేముడమ్మే. "మా అప్ప పేరు గోడ మీద ఉంటే వేట నించి వొచ్చినప్పుడల్లా సూసుకుంతాను."

"నీకు సదువు వొచ్చేటి?"

"రాకపోతే ఏటి? ఏ మూల ఉన్నాదో తెలిస్తే సాల్దా."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

సరే అన్నాను.

మే ఆఖరు వారంలో పట్నం నుంచి పెయింటరు వచ్చాడు. వెదురు కర్రలతో మంచె కట్టాడు. మొదటి రోజే గోడంతా నీలం పూసేశాడు. సముద్రం, ఆకాశం రెండూ దాంట్లోనే వచ్చేస్తాయన్నాడు. మర్నాడు కింద సగం ఆకుపచ్చ వేశాడు. అది సరుగుడు తోట. తోట మధ్యలో గుడి, గోరీ, షెల్టరు. బొమ్మలు బాగా వేశాడు. కాదనను. గోరీ మీద ఆరబోసిన నెత్తళ్ళు కూడా వేశాడు. గురమ్మ చూసి మురిసిపోయింది. తెలుపు మాట మాస్టారు ఒకసారి ఎత్తాడట. తెల్లగా వదిలేస్తే ఫోటోలో బోసిగా ఉంటుందని పెయింటరు అన్నాడట. మాస్టారు ఊరుకున్నాడు.

పేటంతా వచ్చి చూసింది. చూసేవాళ్ళందరి వీపులూ సముద్రం వైపే. ఒక్కడు పడవ దింపి, అవతలి నుంచి చూసి ఉంటే సంగతి తెలిసేది. బందులో పడవ దింపితే కేసు రాస్తారు. నలభై పడవలూ ఇసక మీద వరసగా కొత్త రంగులతో ఉన్నాయి. ఇంకెప్పుడైనా అయితే ఆ నీలం ఒక్క పూట కూడా నిలిచేది కాదు. మొదటి పడవ వాడే ఒడ్డుకొచ్చి తిట్టి చెరిపించేవాడు.

హేమ పేరు రాసే రోజు నేను వెళ్ళాను. చిన్న బల్ల మీద కూర్చుని రాస్తోంది. పడవలకి వాడే ఎర్ర పెయింటు. అది ఉప్పునీటికి కూడా పోదు. నేను వెళ్ళేసరికి ఇంటిపేరు అయింది, 'దేము' అయింది.

"ఎలగున్నాది అయ్యా?"

నేను తల ఎత్తి చూశాను. పైన గోడ నీలం. గోడకి పైన అసలు ఆకాశమూ నీలం. కింద బొమ్మ తోట, వెనక అసలు తోట. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడిని. నీటి మీద నుంచి ఆ గోడ ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుంటే నాకు కనబడుతుంది.

కళ్ళు మూసుకోలేదు.

"బాగున్నాది," అన్నాను. "మిగతాది కూడా రాసీ."

ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

జూన్ పదిహేనున బందు తీశారు. ముందురోజు గంగమ్మకి పూజ చేసి, తెల్లవారకముందే పడవలు దింపారు. పొద్దున్నే మబ్బు పట్టింది. తొమ్మిదయ్యేసరికి తుంపర మొదలైంది. కెరటాలు పెద్దవేమీ కావు. అంతకంటే పెద్దవాటిలో మా వాళ్ళు నవ్వుకుంటూ వచ్చారు.

ఆడవాళ్ళు గంపలు పట్టుకుని ఒడ్డున ఉన్నారు. నేను గురమ్మ పక్కన నిలబడ్డాను. మొదటి పడవ రాళ్ళ దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చి, ఎలాగో గీరుకుంటూ లోపలికి పడింది. రెండో పడవ బయటే ఆగిపోయింది. మూడోది సూరయ్యది. వాడు ఇంజను దగ్గర నిలబడి, అరచెయ్యి కళ్ళ మీద పెట్టుకుని ఒడ్డు వైపు చూస్తున్నాడు. తల ఎడమకి తిప్పాడు. కుడికి తిప్పాడు. మళ్ళీ ఎడమకి.

"అదేటి, అలగ సూస్తన్నాడు?" అంది గురమ్మ. "ఇల్లు మర్సిపోనాడేటి."

నేను భుజం మీది తెల్ల తువ్వాలు తీసి గోడ వైపు పరుగెత్తాను. దాన్ని ఊపుదామనుకున్నాను. అరవై ఆరేళ్ళ వాడిని, మోకాళ్ళు పనిచెయ్యవు, తడి ఇసక. సగం దూరం వెళ్ళేసరికి వెనక చప్పుడు వినిపించింది. పడవ పగిలితే వచ్చే చప్పుడు వేరుగా ఉంటుంది. వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు.

ధర్మేంద్ర, ఇంకో ఇద్దరూ ఈదుకుంటూ సూరయ్యని ఒడ్డుకి తెచ్చారు. ఎడమకాలు మోకాలి కింద లేనట్టే ఉంది. గురమ్మ గంప కింద పెట్టి, ఏడవకుండా, నా చేతిలోంచి తువ్వాలు లాక్కుని కట్టు కట్టింది. దొరికిన ఆటోలో ఎక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ రాత్రికే కాలు తీసేశారు.

నాలుగో రోజు వాడు మాట్లాడాడు. మంచం పక్కన నేనూ, హేమా ఉన్నాం.

"బావా, గోడ ఏటయిపోనాది?"

నేను వాడి దుప్పటి సర్దాను.

"ఎంత ఎతికినా కనపళ్ళేదు. కొండ కనపడతన్నాది, పల్లం కనపడతన్నాది, గోడ నేదు. ఎవులో ఎత్తుకెలిపోనారు అనుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మాస్టారికి సెప్పు. కట్టడానికి ఒక మరమ్మతు పడింది, రాసుకోమని."

హేమ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఈరోజుకీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే బస్సెక్కి పేటకి వచ్చేశాను. మర్నాడు పొద్దున్న గీకుడు రేకు, నిచ్చెన, సున్నం తట్ట తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. రంగు మీద సున్నం నిలవదు. గీకాలి. పై నుంచి మొదలుపెట్టాను. ఆకాశం గీకాను. సర్పంచి ధనలక్ష్మి వచ్చి, ఆఫీసరు వచ్చేది ఇంకో వారంలోనని, ఆ ఒక్క వారం ఆగమని అడిగింది.

"వారంలో ఎన్ని పడవలు వెల్తాయి?" అన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది. ఆఫీసరు రాలేదు.

మధ్యాహ్నం మాస్టారు గొడుగు వేసుకుని వచ్చాడు. గోడనీ, నన్నూ చూశాడు. ఏదో అనబోయాడు.

"అనకండి," అన్నాను.

గొడుగు మడిచి పక్కన పెట్టి, నిచ్చెన పట్టుకున్నాడు. వర్షంలో తడుస్తూ సాయంత్రం దాకా పట్టుకున్నాడు. మర్నాడు కూడా వచ్చాడు. నేను ఆయనతో మాట్లాడలేదు. నిచ్చెన వద్దనీ అనలేదు.

వర్షం వల్ల పని సాగలేదు. తెరిపి ఇచ్చినప్పుడల్లా పూశాను. ఆరు రోజులు పట్టింది. ఈలోగా వెళ్ళిన పడవలు గోడ పైభాగం తెల్లబడిన మేరకే చూసుకుని వచ్చాయి. ఆరో రోజుకి అంతా అయింది, కింద కుడిపక్క మూల తప్ప. హేమ వచ్చి నా వెనక నిలబడింది.

"ఆ ముక్క ఉంచీ అయ్యా," అంది. "నేలకి దగ్గిర. అంత సిన్నది నీటి మీంచి ఎవులికీ కనపడదు. దానివల్ల ఎవులికీ ఏటవదు."

"తెల్సు."

"మరెందుకు?"

"మీ అమ్మ సున్నం పూస్తే ఒక్క జాగా కూడా వొదిలీది కాదు."

కుంచె ముంచి పేరు మీద పూశాను. నాలుగు పూతలు పడితేగానీ ఎరుపు మరుగున పడలేదు. తిరిగి చూసేసరికి హేమ లేదు. ఆ వర్షాకాలం నుంచీ నాకు అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. పడవల మీద పేర్లు రాయడం కూడా మానేసింది.

మాస్టారి పుస్తకం అచ్చయింది. దసరాకి ఇంటింటికీ ఒకటి పంచారు. కొఠారు గోడ దగ్గర నాలుగు లైన్ల ఖాళీ వదిలాడు. నాతో రాయిద్దామని వదిలాడట. ఒకరోజు పెన్ను పట్టుకుని వచ్చాడు. సూరయ్య అప్పుడు మా అరుగు మీదే ఉన్నాడు, కర్ర పక్కన పెట్టుకుని వల కుడుతున్నాడు.

"ఏటి రాయమంటావు గంగులూ?"

"తెల్లగోడ అని రాసుకోండి."

"అంతేనా?"

"అంతే."

ఈ ఏడాది బందు తీయడానికి మూడు రోజుల ముందు, పొద్దున్న లేచేసరికి గుమ్మంలో సున్నం తట్ట కలిపి పెట్టి ఉంది. బట్టతో వడగట్టి, చిక్కగా, వాళ్ళమ్మ కలిపినట్టే. హేమ పెరట్లో ఏదో కడుగుతోంది. తట్ట ఎత్తుకుని వెళ్ళాను. కాసేపటికి వెనక నిచ్చెన తెచ్చింది. కింద కుడిపక్కకి వచ్చేసరికి ఆగింది.

పెద్ద వాన కురిసిన ప్రతిసారీ అక్కడ సున్నం పొరలు పొరలుగా రాలిపోతుంది. కింద నుంచి ఎరుపు తేలుతుంది. ముందు 'దే' వస్తుంది, తర్వాత మిగతాది. పడవ పెయింటు మీద సున్నం నిలవదని మా పేటలో పసివాడికి కూడా తెలుసు. గోడంతా గీకాను. ఆ మూల గీకలేదు. వాన వెలిసాక వెళ్ళి మళ్ళీ పూస్తాను. మళ్ళీ వాన వస్తుంది.

హేమ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. గరుకుగా ఉన్నాయో లేదో చూసింది. గీకిన గోడ వేలికి తెలుస్తుంది.

"ఇక్కడ గీకనేదేటి అయ్యా?" అంది. ఏడాది తర్వాత అది నాతో అన్న మొదటి మాట.

నేను కుంచె ముంచాను. దానికే చెప్పలేదు. మీకూ చెప్పను. గోడ గురించి, ఆ పేరు గురించి ఇంక నన్నెవరూ అడగొద్దు. అడిగినా నా నోటి నుంచి ఒక్క మాట రాదు.